స్లే ద స్పైర్: నాకు నచ్చే ఆట ఏదో నాకు చూపించిన ఆట

2021 వేసవిలో స్లే ద స్పైర్‌ను ఫోనులోకి దించుకున్న రోజున, కార్డులతో ఆడే వీడియో గేములు నాకు నచ్చుతాయన్న సంగతి నాకే తెలియదు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళకు పైగా ఏదో ఒక వీడియో గేము ఆడుతూనే ఉన్నాను. నీకు ఇష్టమైన తరహా ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా తుపాకీ ఆటలని చెప్పేదాన్ని. ఆ జవాబు తప్పని నాకు తెలియజేసిన ఆటకు రాస్తున్న సమీక్ష ఇది. ఆట ఎలా నడుస్తుందో, ఎక్కడ గొప్పదో, ఎక్కడ వెలితిగా ఉందో చెబుతాను. ఒక మనిషికి తనకు నచ్చే ఆటల తరహా ఇంత ఆలస్యంగా ఎందుకు తెలుస్తుందన్న ప్రశ్ననూ వదలను, ఎందుకంటే నా వరకు ఆ రెండు విషయాలనూ విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

ఈ ఆటను తయారు చేసినది మెగా క్రిట్ అనే చిన్న సంస్థ. దాన్ని నెలకొల్పినవారు ఆంథొనీ జొవనెట్టి, కేసీ యానో అనే ఇద్దరు మిత్రులు. ఆట 2017 నవంబరులో అసంపూర్ణ రూపంలోనే అమ్మకానికి వచ్చి, ఆడేవారి అభిప్రాయాలతో ఏడాదికి పైగా సానపట్టుకుని, 2019 జనవరి 23న పూర్తి రూపంలో విడుదలైంది. ఆండ్రాయిడ్ ఫోన్లకు 2021 ఫిబ్రవరిలో వచ్చింది.

ఒక ఎత్తైన గోపురం ఉంటుంది. దాన్ని అడుగు నుంచి పైదాకా ఎక్కాలి. ఒక్కో అంతస్తులో శత్రువో, దుకాణమో, విడిదో, ఏమవుతుందో ముందుగా తెలియని సంఘటనో ఎదురవుతుంది. చీలుతూ కలుస్తూ సాగే దారుల పటం మొదటే కనిపిస్తుంది కనుక ఎటు వెళ్ళాలో ఆడేవారే నిర్ణయించుకుంటారు. పోరాటమంతా కార్డులతోనే జరుగుతుంది. మొదటి పాత్ర పేరు ఐరన్‌క్లాడ్. అతడు 80 ప్రాణంతో, పది కార్డులతో బయలుదేరతాడు. వాటిలో అయిదు స్ట్రైకులు, నాలుగు డిఫెండులు, ఒక బ్యాష్ ఉంటాయి. ప్రతి వంతులోనూ అయిదు కార్డులు చేతికి వస్తాయి, ఖర్చు పెట్టుకోవడానికి మూడు పాయింట్ల శక్తి ఉంటుంది. స్ట్రైకుకు ఒక పాయింటు ఖర్చు, అది శత్రువు ప్రాణంలో ఆరు తగ్గిస్తుంది. డిఫెండుకూ ఒక పాయింటే, అది అయిదు పాయింట్ల దెబ్బకు అడ్డుపడుతుంది. ఆ అడ్డు మన తర్వాతి వంతు మొదలయ్యేసరికి మాయమవుతుంది.

ఇంతవరకు ఇది అనేక ఆటల్లో ఉన్న ఏర్పాటే. స్లే ద స్పైర్‌ను వేరుగా నిలబెట్టేది, శత్రువు తన వంతులో ఏం చేయబోతున్నాడో ముందే అతని తల మీద చూపించడం. కొట్టబోతున్నాడా, కాచుకోబోతున్నాడా, కొడితే దెబ్బ ఎంత అన్నది అంకెలతో సహా కనిపిస్తుంది. ఒక ఉదాహరణ చెబుతాను. చేతిలో మూడు స్ట్రైకులు, రెండు డిఫెండులు ఉన్నాయనుకోండి. శత్రువు 11 దెబ్బ కొట్టబోతున్నట్టు కనిపిస్తోంది. అతని ప్రాణం 18 మిగిలి ఉంటే కాచుకోనక్కరలేదు, మూడు స్ట్రైకులూ వేస్తే అతడే ఉండడు. అదే 19 మిగిలి ఉంటే లెక్క మొత్తం తారుమారవుతుంది: మూడు స్ట్రైకులు వేసినా ఒక్క పాయింటుతో బతికి, 11 దెబ్బ కొట్టి తీరతాడు. అప్పుడు రెండు డిఫెండులతో కాచుకుని, ఒక్క స్ట్రైకు వేసి, ఒకే ఒక్క పాయింటు నష్టంతో తర్వాతి వంతుకు వెళ్ళడం మేలు. ఆ ఒక్క అంకె తేడాలో పుట్టే ఆలోచన నాకు ఎంత ఇష్టమో, మొదటి రాత్రి అర్ధరాత్రి దాటాక గడియారం చూసుకున్నప్పుడు గాని నాకు తెలియలేదు.

నిజానికి ఆ ఇష్టం ఆ రాత్రి పుట్టినది కాదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద చాప పరిచి రమ్మీ ఆడేవాళ్ళం. పందెం చింతపిక్కలు. చేతికి వచ్చిన పదమూడు ముక్కలను చూసి అమ్మమ్మ చాలాసార్లు మొదటి వంతులోనే ఆటలోంచి తప్పుకునేది. అలా తప్పుకుంటే 20 పాయింట్లు, మధ్యలో తప్పుకుంటే 40, చివరిదాకా ఉండి ఏమీ కలవకుండా దొరికిపోతే 80. మిగతా పిల్లలకు అది పిరికితనంగా కనిపించేది. నాకు మాత్రం అమ్మమ్మ ఏ ముక్కను చూసి ఆ నిర్ణయం తీసుకుందో తెలుసుకోవాలని ఉండేది. ఆట అయ్యాక ఆమె ముక్కలను తిరగేసి చూసేదాన్ని. స్లే ద స్పైర్‌లో ప్రతి పోరాటం తర్వాత మూడు కొత్త కార్డులు చూపించి, ఒకటి తీసుకోమంటారు. ఏదీ వద్దనడానికీ వీలుంది. కొత్తగా ఆడేవారు ప్రతిసారీ ఏదో ఒకటి తీసుకుంటారు. కార్డుల కట్ట లావయ్యేకొద్దీ మనకు కావలసిన కార్డు చేతికి రావడం ఆలస్యమవుతుందని తెలిశాక వద్దనడం నేర్చుకుంటారు. దుకాణంలో బంగారం చెల్లించి మరీ ఒక పనికిరాని కార్డును కట్టలోంచి తీసేయించుకోవచ్చు; మొదటిసారి 75, ఆ తర్వాత ప్రతిసారీ 25 చొప్పున ధర పెరుగుతుంది. వదులుకోవడానికి కూడా ఖర్చు పెట్టే ఆట ఇది. అమ్మమ్మకు ఇది వెంటనే అర్థమై ఉండేది.

మరొక ఆధారం కూడా నా కళ్ళెదుటే ఉండేది. నాన్నగారి ఆఫీసులో కంప్యూటరు వచ్చిన కొత్తలో, ఆదివారాలు ఆయన వెంట వెళ్ళి, విండోస్‌తో పాటు వచ్చే ఫ్రీసెల్ ఆడేదాన్ని. పక్కన ఉండే సాలిటేర్ నన్ను అంతగా పట్టుకోలేదు, అందులో కొన్ని ముక్కలు బోర్లా పడి ఉంటాయి. ఫ్రీసెల్‌లో 52 ముక్కలూ మొదటి నుంచీ వెల్లకిలా ఉంటాయి. ఓడితే దురదృష్టమని చెప్పుకునే వీలు దాదాపు లేదు: ఆనాటి విండోస్ ఫ్రీసెల్‌లోని 32,000 పంపకాల్లో 11982 అంకె గలది ఒక్కటే ఎవరికీ సాధ్యం కానిది. ఓడిన పంపకం అంకెను నోటుపుస్తకంలో రాసుకుని, వారమంతా దాని గురించి ఆలోచించి, మళ్ళీ ఆదివారం అదే అంకె కొట్టి ఆడేదాన్ని. స్లే ద స్పైర్‌లోనూ ప్రతి ప్రయాణానికి సీడ్ అనే ఒక గుర్తు ఉంటుందని, దాన్ని మళ్ళీ ఇస్తే అదే గోపురం, అవే దారులు తిరిగి వస్తాయని తెలిసినప్పుడు నాకు ఆ నోటుపుస్తకమే గుర్తుకొచ్చింది.

ఇన్ని ఆధారాలు ఉండగా నాకిష్టమైనవి తుపాకీ ఆటలని ఎందుకు అనుకున్నాను? దీనికి జవాబు వెతకడానికి నాకు చాలా కాలం పట్టింది. 2004 ప్రాంతంలో మా వీధి చివర ఉన్న నెట్ సెంటర్‌కు పెదనాన్నగారి అబ్బాయిల వెంట వెళ్ళేదాన్ని. ఆరు కంప్యూటర్లను కలిపి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేవాళ్ళం. అక్కడ నాకు దొరికిన ఆనందం నిజమైనదే; కాని అది ఆటది కాదు, అన్నయ్యలు నన్ను తమ జట్టులో కలుపుకోవడంలో ఉన్నది. తర్వాత ఉద్యోగంలో చేరాక 2018లో పబ్జీ మొబైల్ వచ్చింది. మధ్యాహ్నం భోజన విరామంలో నలుగురం సహోద్యోగులం కలిసి ఆడేవాళ్ళం. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మరుసటి ఏడాది జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చినప్పుడు ముగ్గురు మిత్రులూ దించుకున్నారు; నాకు మాత్రం ఆ ఆలోచనే రాలేదు. పది నెలల్లో ఒక్కసారైనా ఒంటరిగా కూర్చుని మరొక తుపాకీ ఆట వెతుక్కున్నానా అని అప్పుడు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. వెతుక్కోలేదు. ఆ పది నెలల్లో నేను వెతికి కొనుక్కున్న ఆట స్లే ద స్పైర్ ఒక్కటే.

మనలో చాలామందికి మొదటి ఆటలు మనం ఎంచుకున్నవి కావు. బడి కంప్యూటరు గదిలో ఏది ఎక్కించి ఉంటే అది, నెట్ సెంటర్‌లో పక్కవాళ్ళు ఏది ఆడితే అది, ఫోనులో అందరి దగ్గరా ఏది ఉంటే అది ఆడుతూ పెరిగాం. డేంజరస్ డేవ్, రోడ్ రాష్, వైస్ సిటీ, క్రికెట్ 07 అన్న వరుస ఒక తరం తెలుగు పిల్లలందరికీ దాదాపు ఒకటే కావడానికి కారణం వాళ్ళ అభిరుచులన్నీ కలవడం కాదు, దొరికినవి అవే కావడం. వాటి మీద నాకు ఎంతో మమకారం ఉంది. కాని మమకారం వేరు, అభిరుచి వేరు. ఎవరూ చూడని వేళ, ఎవరూ పిలవని వేళ, ఓడిపోయిన తర్వాత కూడా మనంతట మనం మళ్ళీ ఏ ఆట మొదలుపెడతామో అదే మనది అని ఇప్పుడు నా నమ్మకం.

ఓటమి గురించి స్లే ద స్పైర్‌కు ఉన్నంత స్పష్టత మరే ఆటలోనూ నేను చూడలేదు. ప్రాణం పోతే ప్రయాణం అక్కడితో ముగిసినట్టే. మళ్ళీ మొదటి అంతస్తు నుంచి, మళ్ళీ పది కార్డులతో బయలుదేరాలి. మొదటి అంకంలో, అంటే గోపురంలోని మొదటి భాగంలో, గ్రెమ్లిన్ నాబ్ అనే బలమైన శత్రువు ఉంటాడు. కాచుకునే కార్డుల్లాంటి స్కిల్ తరహా కార్డు ఒకటి వేసిన ప్రతిసారీ అతని బలం పెరుగుతుంది. జాగ్రత్తగా కాచుకుంటూ ఆడేవారిని వెతికి దండించడానికే పెట్టినట్టు ఉంటాడు. నేను అతని చేతిలో వరుసగా ఎన్నిసార్లు ఓడానో లెక్కలేదు, కాని ప్రతిసారీ ఎందుకు ఓడానో నాకు తెలుసు. అతడిని ఎదుర్కోవాలంటే అంతకు ముందు అంతస్తుల్లోనే గట్టిగా కొట్టే కార్డులు రెండు మూడు సంపాదించుకుని ఉండాలి. అంటే నా ఓటమి ఎనిమిదో అంతస్తులో జరిగినా దాని కారణం మూడో అంతస్తులో నేను చేసిన ఎంపికలో ఉంది. తుపాకీ ఆటలో ఓడినప్పుడు నా వేళ్ళు మందకొడిగా ఉన్నాయని నిరుత్సాహపడేదాన్ని. ఇక్కడ ఓడినప్పుడు నా ఆలోచన ఎక్కడ పక్కదారి పట్టిందో వెనక్కి వెళ్ళి వెతకాలనిపిస్తుంది.

పాత్రలు నాలుగు, ఒక్కొక్కటీ ఒక ప్రత్యేకమైన ఆట అనిపించేటంత తేడాగా ఉంటుంది. సైలెంట్ అనే పాత్ర విషంతో పోరాడుతుంది. ఎక్కించిన విషం ప్రతి వంతులోనూ అంత ప్రాణాన్ని హరించి తానూ ఒక అంకె తగ్గుతుంది, కాబట్టి ఓపిక పట్టేవారికి ఆమె నచ్చుతుంది. డిఫెక్ట్ అనే యంత్రం మెరుపు, మంచు వంటి గోళాలను తన చుట్టూ పేర్చుకుంటుంది. వాచర్ కోపం, ప్రశాంతత వంటి స్థితుల మధ్య మారుతూ ఉంటుంది. కోపంలో ఉండగా ఆమె కొట్టే దెబ్బ రెట్టింపవుతుంది, ఆమెకు తగిలే దెబ్బ కూడా రెట్టింపవుతుంది. మొత్తం 350కి పైగా కార్డులు ఉన్నాయి. ఒక పాత్రతో గెలిచాక అసెన్షన్ పేరుతో 20 మెట్ల కాఠిన్యం తెరుచుకుంటుంది, ఒక్కో మెట్టుకూ ఒక కొత్త ఇబ్బంది చేరుతుంది. ఇరవయ్యో మెట్టులో మూడో అంకం చివర ఒకరికి బదులు ఇద్దరు శత్రు నాయకులను వరుసగా ఓడించాలి. నేను ఇప్పటికి సైలెంట్‌తో మాత్రమే అక్కడి దాకా వెళ్ళగలిగాను.

ఈ తరహాకు రోగ్‌లైక్ డెక్‌బిల్డర్ అని పేరు. అందులోని మొదటి సగం 1980 నాటి రోగ్ అనే కంప్యూటరు ఆట నుంచి వచ్చింది. ఆడిన ప్రతిసారీ కొత్తగా అమరే నేలమాళిగలు, ప్రాణం పోతే మొదటికి రావడం దాని లక్షణాలు. రెండో సగానికి దారి వేసినది 2008లో డొనాల్డ్ ఎక్స్. వక్కారినో రూపొందించిన డొమినియన్ అనే బల్ల మీద ఆడే కార్డుల ఆట. చిన్న కట్టతో మొదలై, ఆడుతూ ఆడుతూనే కట్టను కట్టుకోవడం అందులో ఉంది. ఈ రెంటినీ కలిపిన ప్రయత్నాలు 2014లో డ్రీమ్ క్వెస్ట్ రూపంలోనూ ఉన్నాయి. కాని ఆ కలయికను ఇంత శుభ్రంగా, ఇంత తూకంగా కుదిర్చి, తన వెనుక ఒక పెద్ద వరుసను నడిపించినది స్లే ద స్పైరే. 2020లో మాన్‌స్టర్ ట్రెయిన్, 2021లో ఇన్‌స్క్రిప్షన్, 2024లో బలాట్రో ఆ బాటలోనే వచ్చాయి.

ఆ పేరు తెలిశాక నేను ఒక పొరపాటు చేశాను, ఆ పొరపాటు నుంచి నేర్చుకున్నదే నాకు ఎక్కువ ఉపయోగపడింది. కార్డులున్న ఆట కనబడితే చాలు, దించుకోవడం మొదలుపెట్టాను. వాటిలో సగం నాకు నచ్చలేదు. ఎదుటివారి చేతిలో ఏముందో తెలియకుండా పోటీపడే ఆటలు, కొత్త కార్డుల కోసం మళ్ళీ మళ్ళీ డబ్బు పెట్టించే ఆటలు నన్ను ఒక వారం కూడా నిలపలేదు. అదే సమయంలో కార్డు అన్నదే లేని ఇన్‌టు ద బ్రీచ్ అనే 2018 నాటి ఆట నన్ను నెలలపాటు కట్టిపడేసింది. ఎనిమిదేసి గళ్ళ చదరంగపు బల్లంత నేల, కొన్ని యంత్రాలు, వాటి మీదికి వచ్చే పురుగులు ఆ ఆటలో ఉంటాయి. ఆ పురుగులు ఎవరిని ఎక్కడ కొట్టబోతున్నాయో ముందే చూపిస్తాయి. అప్పుడు విషయం నాకు స్పష్టమైంది. నాకు ఇష్టమైనవి కార్డులు కావు, రాబోయే దెబ్బను ముందే చూపించి ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం ఇచ్చే ఆటలు. దుకాణాల్లో ఆటలకు తగిలించే తరహా పేర్లు మనల్ని సరైన వీధి దాకా తీసుకెళతాయి. ఇల్లు మాత్రం మనమే గుర్తుపట్టాలి.

ఇక లోపాల సంగతి. బొమ్మలు సాదాగా ఉంటాయి, శత్రువుల కదలికలు పరిమితం. కథ అక్కడక్కడ విసిరిన నాలుగు వాక్యాలకు మించి లేదు. కథ కోసం ఆడేవారికి ఇది ఏమాత్రం సరిపోదు. అన్నిటికంటే పెద్ద అభ్యంతరం నాలుగో అంకంలోని హార్ట్ అనే ఆఖరి శత్రువు మీద నాకుంది. దాని ప్రాణం 750, ఒకే వంతులో 300కు మించి తగ్గదు, మనం వేసే ప్రతి కార్డుకూ మనల్ని తిరిగి కొడుతుంది. అంతకు ముందు మూడు అంకాల్లో ఎన్నో రకాల కట్టలకు గెలిచే అవకాశం ఉండగా, ఈ ఒక్క శత్రువు ఎదుట వాటిలో చాలా భాగం చెల్లవు. తమాషా అయిన కలయికలు ప్రయత్నించే ధైర్యాన్ని అది తగ్గిస్తుంది. అయితే ఆ అంకానికి వెళ్ళడం తప్పనిసరి కాదు. మూడో అంకంతో ముగించినా గెలుపు గెలుపే. ఫోనులో ఆడేవారికి కార్డుల మీది అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, టాబ్లెట్ గాని కంప్యూటరు గాని మేలు. తెలుగులో ఈ ఆట లేదు. కార్డుల మీద వాక్యాలు చిన్నవే అయినా, వాటిలో ప్రతి మాటకూ కచ్చితమైన అర్థం ఉంటుంది కనుక ఇంగ్లీషు అంతగా అలవాటు లేనివారికి మొదటి కొన్ని రోజులు కష్టమే.

కార్డుల ఆట అనగానే మన ఇళ్ళలో పుట్టే భయం గురించి కూడా చెప్పాలి. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాల బాధ తెలుగువారికి కొత్త కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి దాన్ని నిషేధించాయి, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది. స్లే ద స్పైర్‌కు ఆ లోకంతో ఏ సంబంధమూ లేదు. ఒకసారి కొనుక్కుంటే అంతే. తర్వాత ప్రకటనలు లేవు, లోపల కొనవలసినవి లేవు, పందెం లేదు, ఎదుట మరో మనిషీ లేడు. నెట్ లేకుండా కూడా ఆడుకోవచ్చు. మా అమ్మ మొదట నా ఫోనులో కార్డులు చూసి ఆందోళన పడింది. పక్కన కూర్చోబెట్టుకుని ఒక పోరాటం మొత్తం ఆడి చూపించాక, ఇది అమ్మమ్మ చింతపిక్కల ఆటలాంటిదే కదా అని తనే అంది.

ఎవరు కొనుక్కోవాలి అంటే, సుడోకు పూర్తయ్యేదాకా పేపరు వదలని వారు, చదరంగంలో గడియారం నచ్చని వారు, ఓడిన ఆట గురించి స్నానం చేస్తూ కూడా ఆలోచించే వారు కొనుక్కోవాలి. ఒక ప్రయాణం గంట సేపు సాగుతుంది, ఎక్కడ ఆపినా మళ్ళీ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు కనుక బస్సు ప్రయాణాలకు అనువుగా ఉంటుంది. మొదటి పది ఓటములను లెక్కలోకి తీసుకోవద్దని నా సలహా. ఆ తర్వాత కూడా మళ్ళీ ఎక్కాలనిపించకపోతే మీ ఆట మరొకటి అని అర్థం, అందులో మీ తప్పూ లేదు, ఆట తప్పూ లేదు.

మా అక్క కొడుక్కి పన్నెండేళ్ళు. పోయిన సెలవుల్లో వాడికి ఈ ఆట ఎంతో ఉత్సాహంగా నేర్పాను. నియమాలన్నీ నా కంటే త్వరగా పట్టుకున్నాడు, రెండో ప్రయత్నంలోనే మొదటి అంకం దాటాడు. రెండో అంకంలో ఓడిపోయి, ఫోను నా ఒళ్ళో పెట్టి, "బాగుంది పిన్నీ" అని మర్యాదగా చెప్పి లేచాడు. మళ్ళీ అడగలేదు. మరునాడు అదే ఫోనులో హిల్ క్లైంబ్ రేసింగ్ కనిపించింది వాడికి. ఒకే గుట్ట మీద జీపు తిరగబడిన ప్రతిసారీ పెదవి కొరుక్కుని, ఈసారి ఏ చోట బ్రేకు తొక్కాలో నాకు వివరిస్తూ, వెంటనే మళ్ళీ మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ఫోను నా చేతికి తిరిగి వచ్చేసరికి రాత్రి భోజనాల వేళ అయింది.